రెండు గుర్రాల గుర్తు, బీపీటీ బియ్యం

తెనాలిలో ఏవైనా రెండు మిల్లుల మినపగుళ్లు ఒక్కో గుప్పెడు అరచేతుల్లో పోసుకుని చూడండి. పొట్టు ఊడిన తెల్లటి గుండ్రని గింజలే రెండు చేతుల్లోనూ. ఇక్కడి మినుము పండే తీరూ ఒకటే. తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో విత్తనం జల్లేస్తారు. కోత అయ్యాక నేలలో మిగిలిన పదునుతోనే పైరు ఎదుగుతుంది.

మరి కొట్టుకెళ్లినవారు ఒక ప్యాకెట్‌నే పేరుపెట్టి ఎందుకు అడుగుతారు?

తెనాలి డబుల్ హార్స్ మినపగుళ్లనే తీసుకుందాం. గుర్రాలకూ ఇడ్లీ పిండికీ ఏ సంబంధమూ లేదు. ఆ పేరు బలం అక్కడే ఉంది. నాణ్యత, స్వచ్ఛత అని ప్రతి ప్యాకెట్టూ చెప్పుకుంటుంది కాబట్టి ఆ మాటలు ఏ ఒక్కరివీ కావు. రెండు గుర్రాలు మాత్రం ఇక్కడి మినపగుళ్ల కొట్లో ఒక్కరివే.

తేడా సరుకులో ఉంటుంది, గుర్తు కొనేవారి జ్ఞాపకంలో ఉంటుంది. సరుకులో ఇతరులకు లేని సుగుణం ఒకటి పట్టుకుని దాన్నే చాటాలని అమెరికా ప్రకటనల నిపుణుడు రోసర్ రీవ్స్ 1961లో రాశాడు. ఆస్ట్రేలియా పరిశోధకుడు బైరన్ షార్ప్ 2010లో ఆ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించాడు. ఒక బ్రాండును కొనేవారిలోనూ అది మిగతావాటికంటే భిన్నమైనదని అనుకునేవారు తక్కువేననీ, చూడగానే పోల్చుకోగలగడమే ముఖ్యమనీ అతని వాదన. మనకిది కొత్త సంగతి కాదు. 1951-52 ఎన్నికల నాటికి దేశంలో చదువొచ్చినవారు నూటికి 18 మందే. ఓటర్లు బ్యాలెట్ పెట్టె మీది గుర్తు బొమ్మ చూసి ఓటేశారు.

గుర్తును చెరిపితే ఏమవుతుందో అమెరికాలో ట్రాపికానా నారింజ రసం కంపెనీ 2009లో చూసింది. లోపలి రసం అదే, డబ్బా మీది బొమ్మ మాత్రం మార్చారు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి. పాత డబ్బానే మళ్లీ తెచ్చారు.

బాపట్లది దీనికి పూర్తిగా తలకిందుల కథ. అక్కడి వ్యవసాయ శాస్త్రజ్ఞులు 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, నిజంగానే వేరైన సరుకు. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల సంకరం అది. సన్నగింజ, రుచైన అన్నం. ఆంధ్ర, తెలంగాణలు దాటి తమిళనాడు, కర్ణాటక చేలకూ పాకింది. రైతు నోట అది ‘బీపీటీ’గానే నిలిచింది. ఆ మూడు అక్షరాల్లో ఉన్నది బాపట్లే. బస్తా మీద మాత్రం మిల్లు బ్రాండే పెద్దదిగా కనిపిస్తుంది. ఇంత గొప్ప తేడాను సృష్టించిన ఊరి పేరు తినేవారి దాకా చేరకపోవడం బాధాకరం.

దీన్ని సరిదిద్దడానికి కొత్త వంగడం అక్కర్లేదు. రేపల్లె, బాపట్ల రైతు సంఘాలు తమ బీపీటీ బియ్యానికి ఒకే రంగు సంచి, ఒకే బొమ్మ, పైన పెద్ద అక్షరాల్లో బాపట్ల పేరు పెట్టుకుని, ఏళ్ల తరబడి వాటిని మార్చకుండా అమ్మితే చాలు.