వ్యాన్‌లో రాత్రంతా ఏసీ: ఇన్వర్టర్ బిగించే ముందు ఈ లెక్క చూడండి

ఎండాకాలంలో తిరుపతి, చిత్తూరు నుంచి కడప అమీన్ పీర్ దర్గాకో, వేలూరు ఆస్పత్రికో కుటుంబమంతా వ్యాన్‌లో వెళ్లడం మామూలే. రూము దొరక్కపోతే పిల్లలు, పెద్దలు బండిలోనే పడుకుంటారు. ఉక్క తట్టుకోలేక కొందరు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుంటారు. ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో, రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో పడుకున్న ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఈ గ్యాస్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. ఇంజిన్ పొగలోనూ ఇదే ఉంటుంది.

బ్యాటరీ, ఇన్వర్టర్‌తో ఏసీ నడిపితే ఈ పొగ ఉండదు. కానీ ఇంట్లో వాడే ఇన్వర్టర్‌ను తెచ్చి బండిలో పెడితే సరిపోదు.

ఎంతసేపు నడుస్తుంది?
ఒక టన్ను ఏసీ సుమారు 800 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్ అవర్లు. బ్యాటరీ పాడవకూడదంటే సగమే వాడాలి. ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. మిగిలేది గంట సేపు ఏసీకి, అంతే! రాత్రంతా కావాలంటే 24 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఉండాలి. చల్లబడ్డాక సగటున 500 వాట్లతో నడిచే ఏసీ దాని మీద ఏడు గంటల దాకా వస్తుంది.

వైరు ఎందుకు కాలుతుంది?
ఇంట్లో 230 వోల్టుల మీద ఈ ఏసీ లాగేది నాలుగు ఆంపియర్లలోపే. అదే 12 వోల్టుల బ్యాటరీ నుంచైతే 75 ఆంపియర్లు లాగుతుంది. ఇంటి వైరు వేస్తే కరిగిపోతుంది. అందుకే 24 వోల్టులు మేలు, కరెంటు సగమవుతుంది. బ్యాటరీ నుంచి లావు రాగి కేబుల్ వేసి, పాజిటివ్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు పెట్టాలి.

ఇవి మరవకండి
- 'ఇన్వర్టర్ ఏసీ' అంటే బ్యాటరీతో నడిచేదని కాదు. దాని కంప్రెసర్ మెల్లగా స్టార్ట్ అవుతుంది కాబట్టి బ్యాటరీ మీద భారం తక్కువ. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి.
- బండి స్టార్ట్ చేసే బ్యాటరీని దీనికి వాడొద్దు.
- ట్యూబులర్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. పడుకునే చోట పెట్టొద్దు.
- ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

ఇంత ఖర్చు ఎందుకు అనిపిస్తే, కిటికీలు కొంచెం తెరిచి 12 వోల్టుల ఫ్యాను పెట్టుకోండి. ఇంజిన్ మాత్రం ఆపే పడుకోండి.