పాత గేమింగ్ కంప్యూటర్: భాగాలు మార్చాలా, మొత్తం మార్చాలా?

పరిచయం

కొబ్బరితోటలో నీళ్ల మోటారు కాలిపోయిందనుకోండి. రైతు ముందు రెండు దారులుంటాయి. వైండింగ్ చేయించడం ఒకటి, కొత్త మోటారు కొనడం రెండోది. మొదటిసారి కాలితే చాలామంది వైండింగ్‌కే వెళ్తారు. రెండోసారీ మూడోసారీ కాలితే ఆలోచన మారుతుంది. బేరింగులు ఎంత అరిగాయి, బాడీకి తుప్పు ఎంతవరకు వచ్చింది, పాత మోటారును ఇనుము కింద అమ్మితే ఎంత వస్తుంది అని లెక్క మొదలవుతుంది. మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ల గేమింగ్ కంప్యూటర్ నెమ్మదించినప్పుడు మీరు తీసుకోవలసిన నిర్ణయం కూడా ఈ జాతిదే. అర్థశాస్త్రంలో దీనిని ఆస్తి పునఃస్థాపన సమస్య అంటాం.

అయితే ఒక తేడా ఉంది. మోటారు ఒకే వస్తువు. కంప్యూటర్ ఆరేడు విడి వస్తువుల కూటమి. వాటిలో ఒక్కొక్కదాని ఆయుష్షు ఒక్కో రకం. ఈ రోజు కొన్న భాగాల్లో కొన్ని రేపు కొనబోయే కంప్యూటర్‌లోకి వెళ్లగలవు, కొన్ని వెళ్లలేవు. ఈ పాఠంలో మనం ముఖ్యంగా పట్టించుకోవలసిన విషయం ఇదే.

ఆటల కోసం ఇంత ఖర్చా అని ఇంట్లో పెద్దలు అడగవచ్చు. వినోదం మీద ఖర్చు తప్పని అర్థశాస్త్రం ఎక్కడా చెప్పదు. పైగా సంక్రాంతికి కోడిపందేలు చూసిన సీమలో ఆ ప్రశ్న మరీ గట్టిగా అడగడం కష్టం. ఎంత సంతృప్తికి ఎంత చెల్లిస్తున్నామో తెలిసి చెల్లించడమే కావలసింది.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. రాజోలులో ఉంటూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని ఊహించుకోండి. అతని దగ్గర 2017లో అన్నయ్య కొన్న కంప్యూటర్ ఉంది. అందులో కోర్ ఐ5-7400 ప్రాసెసర్, ఒకే కర్రగా 8 జీబీ ర్యామ్, 4 జీబీల జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. రాత్రిళ్లు ఆటలు ఆడుకుంటాడు. పెళ్లిళ్ల సీజన్‌లో స్టూడియోలకు వీడియో ఎడిటింగ్ చేసి నాలుగు డబ్బులు సంపాదిస్తాడు. ఇప్పుడు కొత్త ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయి, ఎడిటింగ్‌కు రెట్టింపు సమయం పడుతోంది. ఏం చేయాలి?

ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి

"స్లో అయిపోయింది" అనేది రోగి చెప్పే మాట, వైద్యుడు రాసే మాట కాదు. ఏ భాగం మిగిలినవాటిని వెనక్కి లాగుతోందో తెలియకుండా దుకాణానికి వెళితే, దుకాణంలో ఏది నిల్వ ఉందో అదే మీ జబ్బుకు మందవుతుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. మీరు ఆడే ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూసి రాసుకోండి. స్టీమ్‌లో ఆ అంకెను తెర మూలన చూపించే ఏర్పాటు ఉంది. తర్వాత ఆట సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి అదే చోట మళ్లీ చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే ఇరుకు గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంది, ఎందుకంటే మీరు తగ్గించిన పని దానిదే. ఫ్రేములు దాదాపు అలాగే ఉంటే కార్డు ఖాళీగానే ఉంది, ప్రాసెసర్ దానికి పని అందించలేకపోతోంది. అప్పుడు పాతిక వేలు పెట్టి కొత్త కార్డు తెచ్చినా ఆ కార్డు కూడా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూసినా ఈ సంగతి చాలావరకు తెలుస్తుంది.

ఆట బాగానే నడుస్తూ, తెరుచుకోవడానికీ ఒక దశ నుంచి మరో దశకు వెళ్లడానికీ మాత్రం నిమిషాలు పడుతుంటే దోషం హార్డ్‌డిస్క్‌ది. తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 150 మెగాబైట్లు చదువుతుంది. సాధారణ సాటా ఎస్ఎస్‌డీ 500 దాటి చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు ఈ తేడా ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. పాత కంప్యూటర్‌కు చేయగల మార్పుల్లో రూపాయికి ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే అని నా అభిప్రాయం. పైగా ఆ ఎస్ఎస్‌డీ రేపటి కంప్యూటర్‌లోకీ వస్తుంది.

మొదటి పది నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత మందగిస్తే అది వేడి. ఫ్యాన్‌లో దుమ్ము చేరినా, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండిపోయినా, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీనికి కావలసింది బ్రష్షు, బ్లోయరు, చిన్న పేస్టు ట్యూబు. కొత్త కంప్యూటర్ కాదు. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

వయసు కాదు, సాకెట్

2017లో అమలాపురంలో ఇద్దరు మిత్రులు కంప్యూటర్లు కొన్నారనుకోండి. ఒకరిది మన విద్యార్థి దగ్గర ఉన్నలాంటి ఇంటెల్ ఏడో తరం. మరొకరిది ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు మీద ఏఎండీ రైజెన్ 5 1600. రెండిటికీ వయసు ఒకటే. తీర్పు మాత్రం ఒకటి కాదు.

ఇంటెల్ ఆరో, ఏడో తరం ప్రాసెసర్లు కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. ఎనిమిదో, తొమ్మిదో తరాల సాకెట్ పేరు కూడా అదే. కానీ వాటికి 300 శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డులు కావాలి. పాత బోర్డులో అవి పనిచేయవు. పేరు ఒకటే కదా అని సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ కొని తెచ్చుకుంటే డబ్బు పోయినట్టే. మన విద్యార్థి ఆ బోర్డు మీద ఎక్కగలిగిన పై మెట్టు ఐ7-7700 దగ్గరే ఆగుతుంది. ఏఎం4 కథ వేరు. 2020లో వచ్చిన రైజెన్ 5000 శ్రేణికి కూడా సాకెట్ అదే. 2022లో ఏఎండీ తొలినాటి 300 శ్రేణి బోర్డులకు కూడా ఆ ప్రాసెసర్లను అనుమతించింది. బోర్డు తయారీదారు ఇచ్చిన కొత్త బయోస్ ఎక్కించుకుంటే ఆ రెండో మిత్రుడు బోర్డు, ర్యామ్ కదపకుండా ఐదేళ్లు ముందుకు దూకవచ్చు. మీ బోర్డు ఏదో చూసుకుని, అది ఏ ప్రాసెసర్లను అంగీకరిస్తుందో తయారీదారు జాబితాలో సరిచూసుకున్నాకే కొనండి.

ర్యామ్‌దీ ఇదే పద్ధతి. డీడీఆర్4 కర్ర డీడీఆర్5 బోర్డులో పట్టదు, గాడి చోటు వేరు. కాబట్టి డీడీఆర్4 మీద పెట్టే డబ్బు చాలావరకు ఈ కంప్యూటర్‌తోనే ముగిసిపోయే డబ్బు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కూడా. ఒకే కర్ర ఉన్నవారికి అలాంటిదే ఇంకొకటి జతచేయడం మాత్రం మేలు. రెండు కర్రలుంటే ప్రాసెసర్ రెండు మార్గాల్లో డేటా తీసుకుంటుంది.

బయటి నుంచి పడే గడువులు మరో రకం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందుతాయి. విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 శ్రేణి నుంచి మొదలవుతుంది. జీటీఎక్స్ 10 శ్రేణి కార్డులకు కొత్త ఆటల కోసం చేసే డ్రైవర్ సవరణలను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపింది. ఇక 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలే. అంటే మన విద్యార్థి కంప్యూటర్ రేపే ఆగిపోదు, పాత ఆటలు ఆడుకుంటూనే ఉండవచ్చు. కానీ కొత్త ఆటల దారి దానికి మూసుకుపోతోంది.

లెక్క

ఈ కింది ధరలు లెక్క చూపడానికి అనుకున్నవి మాత్రమే. మీరు మీ దుకాణం ధరలు వేసుకోండి.

ముందుగా ఒక మాట. 2017లో అన్నయ్య 55,000 పెట్టాడన్న సంగతి ఈ లెక్కలోకి రాదు. అది మునిగిన వ్యయం, ఏ నిర్ణయం తీసుకున్నా తిరిగి రాదు. లెక్కలోకి వచ్చేది ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందన్నది. అది 12,000 అనుకుందాం. అమ్మకుండా ఉంచుకుంటే ఏటా ఆ విలువ కరుగుతుంది. ఆ కరుగుదలే అవకాశ వ్యయం. ఇంటిలో ఉన్న వస్తువు ఉచితం అనుకోవడం వల్లే చాలామంది లెక్క తప్పుతుంది.

మొదటి మార్గం: కొత్త గ్రాఫిక్స్ కార్డు 25,000, దానికి సరిపడే ఎస్ఎంపీఎస్ 5,000, ఎస్ఎస్‌డీ 4,000, ర్యామ్ 4,000. మొత్తం 38,000. రెండేళ్లు నడుస్తుంది. రెండేళ్ల తర్వాత ఈ కొత్త భాగాలకు 18,000 విలువ మిగులుతుంది. నికర ఖర్చు 20,000. ఈలోగా పాత కంప్యూటర్ విలువ 12,000 నుంచి 5,000కు పడుతుంది, ఆ 7,000 కూడా కలపాలి. రెండేళ్లకు 27,000, అంటే ఏడాదికి 13,500.

రెండో మార్గం: 70,000 పెట్టి కొత్తది. ఐదేళ్లు వాడి 15,000కు అమ్మితే నికరంగా 55,000, ఏడాదికి 11,000. చూశారా, చవక అనుకున్న మార్గం ఏడాది లెక్కలో ఖరీదైంది.

ఇక్కడే ఆగితే సగం లెక్కే. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఎంతో మీకు తెలుసు. నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. పాతది అమ్మగా వచ్చిన 12,000 పోను 58,000 అప్పు చేస్తే నెలకు 1,160, మొదటి ఏడాది వడ్డీయే 13,920. అప్పుడు రెండో మార్గం ఆ ఏడాదికి 24,920 అవుతుంది. మొదటి మార్గానికి 38,000 మీద వడ్డీ 9,120 కలిపితే 22,620. తీర్పు తిరగబడింది. చేతిలో డబ్బున్నవాడికి సరైన నిర్ణయం అప్పు చేసేవాడికి సరైనది కాదు.

మూడో మార్గం ఎవరూ అంతగా పట్టించుకోరు. 4,000 పెట్టి ఎస్ఎస్‌డీ వేసి, దుమ్ము దులిపి, ఒక ఏడాది ఆగడం. ఏడాది తర్వాత ఎస్ఎస్‌డీకి 2,500 విలువ ఉంటుంది, అంటే పోయింది 1,500. పాత కంప్యూటర్ 12,000 నుంచి 8,500కు పడితే మరో 3,500. మొత్తం 5,000. ఈ ఏడాది కొత్త ఆటలు ఉండవు, అది దీని అసలు ధర. కానీ ఎడిటింగ్‌లో ఫైళ్లు తెరవడం, కాపీ చేయడం త్వరగా అవుతుంది, సీజన్ డబ్బు చేతికి వస్తుంది, అప్పు పరిమాణం తగ్గుతుంది. మన విద్యార్థి ప్రాసెసర్ నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లతో ఆగిపోయింది. అతను కొత్త కార్డు తెచ్చినా రిజల్యూషన్ పరీక్షలో ఇరుకు వెంటనే ప్రాసెసర్ దగ్గరికి మారే అవకాశం ఎక్కువ. అందుచేత అతనికి నేను చెప్పేది మూడో మార్గమే, ఆ తర్వాత మొత్తం మార్పు. ఏఎం4 మిత్రుడికైతే ఈ సలహా ఇవ్వను. ప్రాసెసర్ మార్చుకోమంటాను.

కోనసీమ గాలి, కరెంటు

పుస్తకాల్లో రాసే ఆయుష్షు లెక్కలు ఏసీ గదులకు సరిపోతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ఆ లెక్కలను మార్చేస్తుంది. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డుల అంచుల మీద సన్నని పొర పేరుకుని కంప్యూటర్ ఆన్ కావడం మానేస్తుంది. కొందరు అప్పుడే కొత్తది కొనే ఆలోచనలో పడతారు. ర్యామ్ తీసి దాని అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. సెకండ్ హ్యాండ్ బోర్డు కొనేటప్పుడు స్క్రూల దగ్గర, పోర్టుల లోహం మీద తుప్పు ఉందేమో తప్పక చూడండి.

గాలివానకు కొబ్బరి మట్ట తీగల మీద పడిందంటే కరెంటు పోతుంది. పోయినప్పటికంటే తిరిగి వచ్చినప్పుడే ఎక్కువ భయం. కాబట్టి 25,000 కార్డు కొనేముందు ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందా, నమ్మకమైన ఎస్ఎంపీఎస్, యూపీఎస్ ఉన్నాయా చూసుకోండి. బడ్జెట్‌లో కోత పెట్టవలసి వస్తే కార్డులో పెట్టండి, ఎస్ఎంపీఎస్‌లో వద్దు. ఉరుముల వేళ ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి. లంక గ్రామాల్లో ఉండేవారు సీపీయూను నేల మీద పెట్టకండి. 2022 జూలై వరదలో నీళ్లు ఇళ్లలోకి ఎలా వచ్చాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

వారంటీ ఖర్చును కూడా రాసుకోండి. సర్వీసు కేంద్రం కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఉంటే ఒక్కో రాకపోకకు బస్సు చార్జీ, ఒక రోజు పని పోతాయి. దూరం నుంచి తెప్పించిన వస్తువు వెయ్యి రూపాయలు తక్కువైనా, రెండుసార్లు తిరిగితే ఆ వెయ్యి కనిపించదు.

పాతది అమ్మేటప్పుడు

హార్డ్‌డిస్క్‌లో పెళ్లి వీడియోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు, తిరిగి తీయగల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డిస్క్ మొత్తాన్ని పూర్తి ఫార్మాట్ చేసి ఇవ్వండి, లేదా డిస్క్ తీసేసుకుని మిగిలింది అమ్మండి. అమ్ముడుపోని బోర్డులు, కార్డులు పాత ఇనుము వాళ్లకు వేయకండి. వాటిలో సీసం ఉండవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అవి నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేరాలి.

అభ్యాసం

కొత్తపేటలో ఒక విద్యార్థిని దగ్గర 2019లో కొన్న రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు, ఎస్ఎస్‌డీ ఉన్నాయి. రిజల్యూషన్ తగ్గిస్తే ఆమె ఆటలో ఫ్రేములు 45 నుంచి 80కి పెరిగాయి. చేతిలో 15,000 ఉంది. మరో 15,000 నూటికి రూపాయిన్నర వడ్డీకి దొరుకుతుంది. ఇరుకు ఏ భాగంలో ఉంది? ఆమె కొనే భాగం రేపటి కంప్యూటర్‌లోకి వెళ్తుందా? ఇప్పుడే అప్పు చేయడం, పది నెలలు నెలకు 1,500 దాచడం, ఈ రెండింటిలో ఏది మేలో మీ ఊరి దుకాణం ధరలతో లెక్క వేసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.