తాతల కారులో వైర్ల లెక్క

తండ్రి నుంచో తాత నుంచో చేతికొచ్చిన పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజిన్ కన్నా ముందు వైర్లే కళ్లబడతాయి. కంపెనీ వేసినవి కొన్ని, ఆ తర్వాత నలభై యాభై ఏళ్లలో ఏ ఊళ్లో ఏ ఎలక్ట్రీషియన్ వేశాడో తెలియనివి మరిన్ని. ఎక్కడికి పోతుందో తెలియని ఎర్ర వైరు, నొక్కితే ఏమీ జరగని స్విచ్, నల్ల టేపు చుట్టిన అతుకులు. ఈ దశలో వారసుడికి రెండు సలహాలు అందుతాయి. మొత్తం పీకేసి కొత్త వైరింగ్ సెట్టు వేయించుకోమనేది ఒకటి. నడుస్తున్న బండిని కెలకొద్దనేది రెండోది. పైకి ఒకదానికొకటి ఎదురుగా కనిపించినా ఈ రెండిటిదీ ఒకటే లోపం. ఏ వైరు ఎందుకు వచ్చింది, ఎంత కరెంటు మోస్తోంది, దానికి రక్షణ ఏముంది అన్నది చూడకుండానే తీర్పు చెప్పేస్తాయి. పాత కారు వైరింగ్ బాగుచేయాలంటే దాన్ని పుట్టినప్పటి రూపానికి తీసుకెళ్లనక్కర్లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయనూ కూడదు. ఒక్కో మార్పును విడివిడిగా విచారించి, నిలిచేదాన్ని నిలిపి, నిలవనిదాన్ని తీసేయాలి.

ఆ మార్పులు చేసినవాళ్లను తప్పుపట్టే ముందు వాళ్ల అవసరం అర్థం చేసుకోవాలి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3. దాని ఎలక్ట్రికల్ ఏర్పాటు లూకాస్ కంపెనీ పద్ధతిది. ఆ తరం లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. అదీ ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడే. ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ రాదు. హెడ్‌లైట్లు, వైపర్, హారన్ మాత్రమే ఉన్న రోజులకు ఆ లెక్క సరిపోయింది. తర్వాత సిగ్నళ్ల దగ్గర ఆగడం పెరిగింది, క్యాసెట్ ప్లేయర్ వచ్చింది, డాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను వచ్చింది, రాత్రిపూట హైవే మీద లారీల వెలుగుకు ఎదురు నడపాల్సి వచ్చింది. అందుకే చాలా బండ్లలో డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించారు. ఐడిలింగ్‌లోనూ చార్జ్ చేస్తుంది గనుక నడిపే కారుకు అది సమంజసమైన మార్పే. అయితే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు ఎక్కువ. అక్కణ్ణుంచి బ్యాటరీకి వెళ్లే వైరును కూడా లావుదానితో మార్చారా లేదా అన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న. మార్చకపోతే ఆ పని సగంలో ఆగినట్టే, మిగతా సగం మనం పూర్తిచేయాలి.

హెడ్‌లైట్ల సంగతి చూస్తే ఈ వాదన అంకెల్లోనే తేలిపోతుంది. పాత బల్బులు సుమారు 40 వాట్లవి. రెండూ కలిపితే 12 వోల్టుల దగ్గర 7 ఆంపియర్లు దాటవు. వెలుతురు చాలడం లేదని వాటి స్థానంలో 100 వాట్ల హాలోజన్లు బిగిస్తే ఆ లెక్క దాదాపు 17 ఆంపియర్లకు చేరుతుంది. ఈ కరెంటంతా పాత సన్నని వైరులోంచి డాష్‌బోర్డు స్విచ్‌కు, అక్కణ్ణుంచి కాలితో నొక్కే డిప్పర్‌కు, మళ్లీ ముందుకు, లైట్లకు వెళ్లాలి. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి వైరుకు మీటరుకు సుమారు 0.017 ఓముల నిరోధం ఉంటుంది. దారి పొడవు ఐదు మీటర్లనుకుంటే 17 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు దాకా వైరులోనే పోతుంది, వైరు వేడెక్కుతుంది. బల్బుకు అందేది పదిన్నర వోల్టులే. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ ఎనిమిదో వంతు తగ్గితే వెలుతురు మూడో వంతుకు పైగా పడిపోతుంది. అంటే పెద్ద బల్బు పెట్టి సంపాదించాలనుకున్న వెలుతురులో చాలా భాగం దారిలోనే ఖర్చయిపోయింది, పైగా స్విచ్ లోపలి కాంటాక్టులు కాలుతున్నాయి. ఇక్కడ బల్బు తీసి పాతది పెట్టడమే మందు కాదు. 60/55 వాట్ల మామూలు హెచ్4 బల్బులు, డిమ్‌కొకటి బ్రైట్‌కొకటి చొప్పున రెండు రిలేలు, బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు ద్వారా వచ్చే లావు వైరు పెడితే చాలు. పాత స్విచ్ అప్పుడు రిలేను పిలవడానికి కావలసిన కొద్దిపాటి కరెంటునే మోస్తుంది.

కంపెనీ వైరింగ్ అంటే భద్రమైనదనీ, తర్వాత వేసిందంతా ప్రమాదమనీ చాలామంది నమ్మకం. ఇది సగమే నిజం. ఆ కాలపు లూకాస్ ఏర్పాటులో చాలా కార్లకు ఉన్నవి రెండే ఫ్యూజులు. ఇగ్నిషన్‌కు, హెడ్‌లైట్లకు ఫ్యూజే ఉండేది కాదు. లూకాస్ రంగుల పద్ధతిలో బ్రౌన్ వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఫ్యూజు లేనిది. తెల్లది తాళం తిప్పాక ఫ్యూజు లేకుండా వచ్చేది. ఆకుపచ్చది తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. ఈ మూడు రంగులు గుర్తుంటే బానెట్ కింద సగం కథ చదవొచ్చు. ఇప్పుడు ఒక దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. ఫైర్‌వాల్ రేకులో వైర్లు దూరే రంధ్రం ఉంది. దాని రబ్బరు గ్రోమెట్ ఎండి రాలిపోయింది. పక్కనే బ్రౌన్ వైరు తొక్క కోసి, ఇంటి వైరింగ్‌లో వాడే ఎర్ర వైరును మెలిపెట్టి, టేపు చుట్టి, ఆ రంధ్రంలోంచే లోపలి ఫ్యానుకు లాగారు. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి జారింది. బండి కదిలినప్పుడల్లా రేకు అంచు వైరును కొద్దికొద్దిగా కోస్తోంది. తెగి రేకుకు తగిలిన క్షణాన ఆపడానికి మధ్యలో ఫ్యూజు లేదు. బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదులుతుంది, వైరు ఎర్రగా కాలి పక్కవాటిని అంటిస్తుంది. ఇందులో తప్పు ఫ్యానుది కాదు, ఫ్యూజు లేకుండా కరెంటు తీసుకున్న చోటుది. అదే ఫ్యానును ఆకుపచ్చ వైరు వైపు నుంచి, సొంత చిన్న ఫ్యూజుతో, గట్టిగా క్రింప్ చేసిన టెర్మినల్‌తో కలిపితే అభ్యంతరం ఉండదు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎర్త్ సంగతి. 1950ల బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3 కూడా అంతే. తర్వాతి కాలంలో నెగటివ్ ఎర్త్ మామూలైంది. రేడియో కోసమో ఆల్టర్నేటర్ కోసమో మధ్యలో ఎవరైనా తిప్పి ఉండొచ్చు. కాబట్టి పుస్తకంలో ఏముందన్నది కాక, బండిలో ఏముందో మీటరుతో చూడాలి. పొరపాటున ఉల్టా కలిపితే ఆల్టర్నేటర్ డయోడ్లు అప్పటికప్పుడే పోతాయి. కావాలనే ఎర్త్‌ను తిప్పితే సెల్ఫ్ మోటారుకు తేడా పడదు. డైనమో ఉంచుకుంటే దాని ఫీల్డ్‌కు కొత్త ధ్రువాన్ని అలవాటు చేయాలి, ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు సన్నని వైర్లను అటూ ఇటూ మార్చాలి, లేకపోతే స్పార్క్ బలహీనపడుతుంది. ఎర్త్ ఏదైనా సరే, ఇంజిన్‌కు బాడీకి మధ్య ఉండే జడ వైరు తుప్పు పడితే సెల్ఫ్ మొరాయిస్తుంది, లైట్ల ఎర్త్ పాయింట్లు తుప్పు పడితే లైట్లు మినుకుతాయి, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు వెలుగుతుంది. వైరింగ్ మొత్తం పాడైందని నిర్ధారించిన బండ్లు ఎర్త్ పాయింట్లు గీకి శుభ్రం చేసి బిగించగానే దారికి రావడం అరుదు కాదు.

ఇంత వెతుకులాట ఎందుకు, కొత్త సెట్టు వేస్తే ఒక్కసారిగా పీడ వదులుతుంది కదా అని అడగొచ్చు. ఇన్సులేషన్ గట్టిపడి వంచితే పగుళ్లిచ్చే వైరింగ్ అయితే మార్చాల్సిందే, అందులో వాదన లేదు. కానీ రెడీమేడ్ సెట్టు కంపెనీ నాటి బండికి సరిపడేలా తయారవుతుంది. మన బండిలో ఇప్పుడున్నవి ఆల్టర్నేటర్, హాలోజన్లు, స్టీరియో. పాత మందంలో కొత్త వైర్లు వేసి వాటికి కొత్త బరువులు తగిలిస్తే పాత తప్పునే కొత్త రాగితో మళ్లీ చేసినట్టు. పైగా అరిగిన స్విచ్, తుప్పు పట్టిన హోల్డర్, వదులైన ఎర్త్ సెట్టుతోపాటు రావు. ముందు లెక్క తెలిస్తే కొత్త సెట్టును కూడా సరైన మందంలో, అదనపు ఫ్యూజులతో కట్టించుకోవచ్చు.

ముప్పై ఏళ్లు ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుందన్నది రెండో అభ్యంతరం. ఆ ముప్పై ఏళ్లలో బండి రోజూ నడిచింది, దాని వాసన, చప్పుడు తెలిసిన మనిషి స్టీరింగ్ దగ్గర ఉన్నాడు. ఇప్పుడు నెలల తరబడి షెడ్డులో ఉంటోంది, ఎలుకలు దూరుతున్నాయి, ఏ స్విచ్ ఎందుకో చెప్పేవారు లేరు. బండి ఆపి ఉంచినా కరెంటు కారుతుందేమో తెలుసుకోవడం సులువే. అన్నీ ఆపి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి, మధ్యలో మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టాలి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టకూడదు. పాత కారులో అంకె దాదాపు సున్నా ఉండాలి. 200 మిల్లీఆంపియర్లు చూపిస్తే రోజుకు 4.8 ఆంపియర్ అవర్ల చొప్పున 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ దాదాపు పన్నెండు రోజుల్లో ఖాళీ. కరెంటు దొంగ ఏ దారిలో ఉందో ఒక్కో ఫ్యూజు, ఒక్కో వైరు విప్పుతూ పోతే దొరుకుతుంది.

మూడో అభ్యంతరం వింటేజ్ అభిమానులది. మార్పులుంటే బండి విలువ, అసలుతనం పోతాయని వారి బాధ. అది గౌరవించదగ్గ బాధే. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఉంది. వాటిని నిత్య వాడకానికి నడపకూడదు కూడా. కంటికి కనబడని చోట పెట్టిన రిలే, అదనపు ఫ్యూజు బాడీకి కొత్త రంధ్రం వేయకుండా, పాత వైరు కోయకుండా బిగిస్తే ఎప్పుడైనా తీసేయవచ్చు. తీసిన డైనమోను, దానితో ఉండే కటౌట్‌ను, పాత స్విచ్‌లను చీటీ కట్టి దాచితే అసలుతనం ఎక్కడికీ పోదు. కాలిపోయిన కారుకు మాత్రం అసలుతనం తిరిగి రాదు.

పని వరుస ఇలా ఉంటే మంచిది. ముందు బ్యాటరీకి ఒక ఐసొలేటర్ స్విచ్, తర్వాత ఎర్త్‌లు, ఆ తర్వాత ప్రతి వైరునూ రెండు కొసలా పట్టుకుని కాగితం మీద గీత, చివర్న మాత్రమే కత్తెర. ఈ వరుస తిరగబడడానికి మనం డబ్బిచ్చే తీరు కూడా ఒక కారణం. లైటు వెలిగితే కూలి ఇస్తాం, ఎందుకు వెలగలేదో వెతికిన గంటలకు ఇవ్వం. అందుకే ఎలక్ట్రీషియన్ పాత దారిని వెతకడం మాని దగ్గర్లో దొరికిన బ్రౌన్ వైరుకు కొత్తది మెలిపెడతాడు. అలాంటి అతుకులే నలభై ఏళ్లలో ఇంత పోగయ్యాయి. వారసత్వంగా వచ్చిన కారును నిజంగా నిలబెట్టుకోవాలనుకునేవారు కొత్త సామాను ఖర్చు కన్నా ముందు ఆ వెతుకులాట ఖర్చుకు సిద్ధపడాలి.