తప్పుదారి పట్టించే వెబ్ చిరునామా మోసమవుతుందా?

ఎన్నికల ప్రచారంలో ఒక అభ్యర్థి పేరుతో ఉన్న వెబ్ చిరునామా ప్రత్యర్థి వెబ్‌సైటుకు దారితీస్తే అది మోసమవుతుందా అనే ప్రశ్న ఉత్పన్నమవుతున్నది. 2015 డిసెంబరులో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన జెబ్ బుష్ పేరుగల జెబ్‌బుష్.కామ్‌ను తెరచినవారు డొనాల్డ్ ట్రంప్ వెబ్‌సైటుకు చేరారు.

భారత చట్టాల ప్రకారం ఇటువంటి దారి మళ్లింపు ఒక్కటే మోసమని నిర్ధారించడానికి చాలదు. వంచించి సొమ్ము రాబట్టడం, ఉదాహరణకు అభ్యర్థి పేరిట నకిలీ వెబ్‌సైటుతో విరాళాలు వసూలు చేయడం, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. కంప్యూటర్ సాధనాలతో మరొకరిగా నటించి మోసగిస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

కావున మోసం ఆరోపించే ఫిర్యాదులో పేర్ల పోలికతోపాటు వంచన జరిగిన తీరును, దానివలన కలిగిన నష్టాన్ని కూడా చూపవలసి ఉంటుంది.