ఆరో నెల ప్రశ్నపత్రం

పాప బోర్లా పడుతోందా? చిన్న బొమ్మను చేత్తో అందుకుంటోందా? అద్దంలో తనను చూసుకుని నవ్వుతోందా? ఆరు నెలల బిడ్డ తల్లిని ఇలాంటివి అడిగే ప్రశ్నావళి ఒకటుంది. విభాగానికి 6 ప్రశ్నలు. ‘అవును’ అంటే 10 మార్కులు, ‘ఒక్కోసారి’ అంటే 5, ‘ఇంకా లేదు’ అంటే సున్నా. న్యూయార్క్‌లో 2020 మార్చి, డిసెంబరు మధ్య పుట్టిన 255 మంది శిశువుల తల్లులు దీన్ని నింపారు.

నింపించిన కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ల అనుమానం వైరస్ మీద. ఆ శిశువుల్లో 114 మంది కడుపులో ఉండగానే తల్లికి కోవిడ్ సోకింది. మరి వాళ్లేమైనా వెనకబడ్డారా? లేదు, మిగతావాళ్లతో సమానంగానే ఉన్నారు. తేడా ఇంకోచోట బయటపడింది. మహమ్మారికి ముందు పుట్టిన 62 మందితో పోలిస్తే, ఆ ఏడాది పిల్లలకు ఒళ్లు కదపడంలో, వేళ్ల పనితనంలో, మనుషులతో మెలగడంలో కాస్త తక్కువ మార్కులొచ్చాయి. కాస్త అంటే 60కి 4 నుంచి 7. ఒకట్రెండు ప్రశ్నలకు ‘అవును’ బదులు ‘ఒక్కోసారి’ అని టిక్కు పెట్టినంత. తరం తరమంతా దెబ్బతిందని గుండెలు బాదుకోవాల్సిన తేడా కాదిది. కాకపోతే, మహమ్మారి ఉద్ధృతంగా ఉన్నప్పుడు తల్లికి గర్భం తొలి మూడు నెలలు నడుస్తున్న పిల్లలకే మార్కులు మరీ తగ్గాయి. అందుకే చూపు తల్లి ఆందోళన వైపు మళ్లింది.

భయపడినప్పుడు తల్లి రక్తంలో కార్టిసాల్ పెరుగుతుంది. మాయలో ఒక ఎంజైమ్ కాపలా కాస్తూ, అందులో చాలా భాగాన్ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. ఒత్తిడి రోజుల తరబడి సాగితే ఆ కాపలా సడలుతుందని ఎలుకల్లో చూశారు. ఉత్తర ఇటలీలో పసికందుల బుగ్గ లోపలి కణాలు తీసి పరీక్షిస్తే, గర్భంలో ఉండగా తల్లి పడ్డ కోవిడ్ ఒత్తిడికీ, సెరటోనిన్‌ను చేరవేసే జన్యువు మీది రసాయన గుర్తులకూ సంబంధం కనిపించింది. ఆ గుర్తులకు మూడో నెలలో బిడ్డ తీరుతోనూ ముడి ఉంది.

అలాగని తల్లిని బోనెక్కించడం తగదు. న్యూయార్క్‌లో ఒత్తిడిని నేరుగా కొలవనేలేదు, అది ఊహే. పైగా టిక్కులు పెట్టింది తల్లులు. నిద్రలేని కంటికి బిడ్డ చేసే పనుల కంటే చేయనివే ఎక్కువ కనబడవచ్చు. తగ్గిన మార్కుల్లో కడుపులో జరిగిందెంత, పుట్టాక ఇంట్లో జరిగిందెంత అన్నదీ తేలలేదు.

ఇల్లంటే గుర్తొచ్చింది. న్యూజెర్సీ తెలుగిళ్లలో కాన్పుకి ఇండియా నుంచి అమ్మ రావడం రివాజు. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. బిడ్డకు నూనె రాసి, కాళ్ల మీద బోర్లా వేసుకుని నీళ్లు పోసే అమ్మమ్మ ఫోన్ తెరలోకి వెళ్లిపోయింది. ఎత్తుకునేవాళ్లు, పలకరించేవాళ్లు, ఆడించేవాళ్లు అంతా కలిపి తల్లీతండ్రీ ఇద్దరే.