నల్లరేగడిపై బాట - ఊక బూడిద

సిద్దిపేట జిల్లాలోని రాయపోల్ ప్రాంతమున వరి, పత్తి ముఖ్యమైన పంటలు. పత్తికి అనువైన నల్లరేగడి నేల రైతునకు వరమే గాని, దానిపై బాట వేయువారికి పెద్ద చిక్కు. ఆ నేల వానకాలమున ఉబ్బి మెత్తబడును. ఎండాకాలమున కుంచించి నెర్రెలు విచ్చును. పునాది ఇట్లు ఏటేటా కదలుచుండగా, పైన ఎంత తారు పోసినను బాట పగులక మానదు.

దీనికి కారణము రేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ అను బంకఖనిజము. దాని పలుచని పొరలు పేకముక్కలవలె దొంతరగా ఉండును. వాటి నడుమకు నీరు చొచ్చి పొరలను ఎడముచేయును.

మట్టిలో సున్నము కలిపినచో ఈ ఉబ్బు తగ్గును. సున్నములోని కాల్షియం అయానులు సోడియం అయానుల స్థానమును ఆక్రమించుటచే మన్ను జిగురు పోయి పొడిపొడిగా మారును. అటుపిమ్మట సున్నము సిలికాతో మెల్లగా కలిసి, సిమెంటులో ఏర్పడు బంధకమువంటి పదార్థమునే ఏర్పరచును. ఆ సిలికాను చౌకగా ఇచ్చునది బూడిద. ప్రాచీన రోమనులు సున్నమునకు అగ్నిపర్వతపు బూడిదను చేర్చి కట్టడములు కట్టిన సూత్రమిదియే.

100 కిలోల వడ్లను మర ఆడించినచో సుమారు 20 కిలోల ఊక, దానిని కాల్చినచో సుమారు 4 కిలోల బూడిద లభించును. చక్కగా కాలిన ఊక బూడిదలో 85 శాతమునకు పైగా సిలికాయే. రామగుండం, కొత్తగూడెం విద్యుత్కేంద్రములలో బొగ్గు మండగా వచ్చు బూడిదలోను సిలికా, అల్యూమినా విస్తారముగా కలవు.

అయితే బూడిద చల్లినంతనే నేల గట్టిపడదు. ఊక బూడిదకు సున్నము తోడు కావలెను. ఊక సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి ఎక్కువసేపు కాలినచో సిలికా స్ఫటికరూపము దాల్చి చురుకుదనము కోల్పోవును. కలిపిన మట్టిని తగు తేమతో దిమ్మిస చేసి, కొన్నాళ్లు ఆరిపోకుండ కాపాడవలెను. నేలలో జిప్సం వంటి సల్ఫేటులున్నచో, సున్నముతో కలిసి అవియే కొత్తగా ఉబ్బు పుట్టించును. కనుక ముందుగా మట్టిని పరీక్షింపవలెను.

ఉబ్బు గుణమును పాఠశాలలోనే కొలువవచ్చును. ఆరబెట్టి, పొడిచేసి, జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీలలో పోసి, ఒకదానిని నీటితోను, రెండవదానిని కిరోసినుతోను 100 మిల్లీలీటర్ల గీత వరకు నింపవలెను. నిప్పు దగ్గర ఉండరాదు. కిరోసిను మట్టిని ఉబ్బించదు. 24 గంటల పిమ్మట మట్టి నీటిలో 18, కిరోసినులో 10 మిల్లీలీటర్లు ఆక్రమించినదనుకొందము. అప్పుడు ఉబ్బు 80 శాతము. ఇది 50 శాతమునకు మించినచో ఆ మన్ను మిక్కిలి ఉబ్బు స్వభావము కలది.

అదే మట్టిని సున్నము, బూడిదలతో కలిపి, వారము రోజులు తడిగా ఉంచి, ఆరబెట్టి మరల పరీక్షించినచో ఉబ్బు ఎంత తగ్గినదో విద్యార్థులు తామే లెక్కకట్టవచ్చును. సున్నము చేతులకు, కన్నులకు తగులకుండ ఉపాధ్యాయుడు జాగ్రత్త వహింపవలెను.