విత్తనం ఎంచవలసింది ఎవరు?

బార్లీ అనగానే మన ఇళ్ళలో గుర్తుకు వచ్చేది జ్వరం. మంచం పట్టిన పిల్లవాడికి అమ్మ గ్లాసుతో తెచ్చి యిచ్చే పలచని బార్లీ నీళ్ళే మనలో చాలామందికి తెలిసిన బార్లీ. మన పెద్దలు దాన్నే యవలు అన్నారు. అంతకు మించి ఆ గింజతో మనకు పెద్ద చుట్టరికం లేదు.

కాని సిరియా దేశపు మెట్ట రైతుకు బార్లీ అంటే గొర్రెల మేత. గొర్రెలంటే పాలు, ఉన్ని, పండుగ ఖర్చు, పిల్ల పెళ్ళి. బార్లీ పోయిందంటే మంద పోయినట్టే. ఆ విత్తనం విషయంలో 1990వ దశకం మధ్యలో అక్కడ మొదలైన ఒక ప్రయోగాన్ని గురించి ఈ మధ్య చదివాను. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. వ్యవసాయశాస్త్రం నా విద్య కాదు. అయినా ఆ కథలో మా ఇంటి కథ ఒకటి తొంగిచూడడం వల్ల పాఠకులతో పంచుకోవాలనిపించింది.

అలెప్పో నగరానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో తెల్ హద్యా అనే చోట ‘ఇకార్డా’ అనే అంతర్జాతీయ సంస్థకు పరిశోధనా క్షేత్రం వుండేది. 1977లో ఏర్పడిన ఆ సంస్థ పని ఎండు ప్రాంతాల పంటలను బాగుచేయడం. మన పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్‌కు అది చెల్లెలి వరస. మన అనంతపురం కరువుసీమ అని పేరు పడ్డా, అక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. సిరియా బార్లీ పొలాలకు 300 మిల్లీమీటర్లు పడితే అదృష్టమే!

కొత్త వంగడాలు పుట్టించే పద్ధతి సాధారణంగా ఇలా వుంటుంది. శాస్త్రజ్ఞుడు రెండు రకాలను సంకరం చేస్తాడు. పుట్టిన వేలాది మొక్కలను పరిశోధనా క్షేత్రంలో పెంచి, ఏటేటా కొన్నింటిని ఏరి పారవేసి, చివరకు మిగిలిన రెండు మూడింటిని “ఇవి మంచివి, వేసుకోండి” అని రైతు చేతిలో పెడతాడు. నీళ్ళూ ఎరువూ పుష్కలంగా వున్న చోట ఈ పద్ధతి అద్భుతాలు చేసింది. దాన్ని కాదనలేము.

మెట్ట దగ్గరకు వచ్చేసరికే చిక్కు వచ్చింది. పరిశోధనా క్షేత్రంలో నేల మంచిది, పోషణ మంచిది. అక్కడ మొదటి తరగతిలో నెగ్గిన రకం ఎండు పొలంలో అట్టడుగుకు పోవచ్చు. అక్కడ తప్పిందని పారవేసిన రకమే ఎండు పొలంలో నిలబడవచ్చు. కాని పారవేసిన విత్తనం రైతు కంటబడేది ఎలా? సిరియాలో సరిగ్గా ఇదే జరిగింది. మరీ ఎండిన చోట ‘అరబీ అస్వద్’ అనే నల్లగింజ, కాస్త తడివున్న చోట ‘అరబీ అబ్యద్’ అనే తెల్లగింజ. తాతలనాటి ఈ రెంటినీ రైతులు వదలలేదు. కొత్త విత్తనం ముట్టని రైతును మొండివాడని అనడం తేలిక. తప్పు విత్తనం ఎంచే చోటులోనే వుందేమోనని అనుకున్నవాడు సాల్వతోరె చెక్కరెల్లి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు. స్తెఫానియా గ్రాండో అనే శాస్త్రజ్ఞురాలు ఆయన సహచరి.

వారు 208 రకాల బార్లీని తీసుకొని, రెండు పరిశోధనా క్షేత్రాలలోను, తొమ్మిదిమంది రైతుల పొలాలలోను నాటించారు. పంట చేతికి వచ్చే వేళకు శాస్త్రజ్ఞుడూ ఎంచాడు, రైతులూ ఎంచారు. ఆ పైన కోసి, తూచి, ఎవరి ఎంపిక ఎంత దిగుబడి ఇచ్చిందో లెక్క కట్టారు.

ఫలితం విచిత్రంగా వుంది. వాన బాగా పడే చోట వున్న పరిశోధనా క్షేత్రంలో శాస్త్రజ్ఞుడి కన్నే మెరుగు. వాన తక్కువ చోట వున్న క్షేత్రంలో రైతుల కన్ను మెరుగు. ఇక తమ సొంత పొలాలలో ఎక్కువ పండే రకాలను గుర్తించడంలో రైతులు శాస్త్రజ్ఞుడి కంటె ఒక పిసరు ముందే వున్నారు. పెరటి చెట్టు మందుకు రాదంటారు కదా! ఇన్నాళ్ళూ రైతు చూపు అలాంటి పెరటి చెట్టే అయిందన్నమాట.

ఇంతకూ రైతులు చూసేదేమిటి? గింజ ఒక్కటే కాదు. కరువు ఏడు కూడా మొక్క ఎత్తుగా ఎదగాలని వారి కోరిక. పొట్టిగా గిడసబారిన పైరు కోత యంత్రానికి అందదు. గొర్రెలకు గడ్డీ మిగలదు. గడ్డి మెత్తగా వుంటే గొర్రె ఇష్టంగా తింటుంది. శాస్త్రజ్ఞుల తర్ఫీదు దీనికి తారుమారు. ఎత్తు మొక్క పడిపోతుందని, దంటు పొట్టిగా గట్టిగా వుండాలని వారు నేర్చుకున్నారు. నీరు సమృద్ధిగా వున్న చోట అది నిజమే. ఎండు నేలలో పడిపోయేటంత పైరు పండితే రైతు పండుగ చేసుకుంటాడు!

ఇది చదివినప్పుడే నాకు మా పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. కర్నూలు జిల్లా మెట్ట గ్రామంలో మా పెదనాన్నగారిది జొన్న సేద్యం. కోతకు ముందు పెద్దమ్మ చేలో తిరిగి, మంచి కంకులు ఎంచి, విడిగా కోయించి వంటింటి దూలానికి వేలాడగట్టేది. పొగ తగిలితే పురుగు పట్టదని ఆమె నమ్మకం. 1980వ దశకం చివర ఒక ఏడు, ఎవరో గట్టిగా చెప్పారని పెదనాన్నగారు కొత్తరకం జొన్న సంచీతో తెచ్చి చేనంతా వేశారు. గింజ బాగానే వచ్చింది. చొప్ప మాత్రం నడుమెత్తు దాటలేదు. మాఘమాసానికే వామి అడుగంటింది. ఎండలు ముదిరేసరికి పెదనాన్నగారు ఎడ్ల జతను సంతకు తోలుకుపోయారు. పెద్దమ్మ గడపలో నిలబడి, “నన్నొక్కమాట అడిగివుంటే పోయేది కదా” అంది. ఆయన మారు పలకలేదు. తరువాతి ఏడు బాడుగ నాగలితో విత్తనం వేశారు. అదను తప్పింది.

అలాగని శాస్త్రజ్ఞుడు అక్కరలేదని కాదు. వందల సంకరాలు చేయడం, దేశదేశాల విత్తనం తెప్పించడం, దిగుబడి లెక్కలు కట్టడం ఒక పల్లె వల్ల అయ్యే పని కాదు. సిరియాలో చివరకు కుదిరిన ఏర్పాటు ఇది: సంకరం చేసేది శాస్త్రజ్ఞులు, ఏరేది రైతులు. పొలంలో ప్రతి రకం ముందూ నిలబడి, రైతులు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తారు. మొదటి ఏడు వందల రకాలు. ఏటేటా తగ్గి, చివరకు ఆ వూరికి నచ్చినవే మిగులుతాయి. ఒక వూరికి నచ్చినది మరొక వూరికి నచ్చకపోవచ్చు. ఫరవాలేదు. ఈ పద్ధతి తరువాత జోర్డాను, ఈజిప్టు, యెమెన్, ఎరిత్రియా మొదలైన దేశాలకు పాకింది.

మన పటాన్‌చెరు కూడా ఇటువంటి కథ ఒకటి చూసింది. పశ్చిమాఫ్రికాలోని టోగో దేశపు సజ్జల నుంచి ఇక్రిశాట్‌లో ఒక వంగడం తయారైంది. 1988లో దాన్ని మన దేశంలో విడుదల చేశారు. ఆఫ్రికా దక్షిణాన వున్న నమీబియా రైతులు, తమ ముందు పెట్టిన అనేక రకాలలో దాన్నే ఏరుకున్నారు. త్వరగా కోతకు వస్తుంది, గింజ లావు అని వారి తీర్పు. 1990లో ‘ఒకషానా-1’ అనే పేరుతో విడుదలై, ఆ దశకం చివరికి అక్కడి సజ్జ పొలాలలో దాదాపు సగానికి వ్యాపించింది.

సిరియా కథకు మాత్రం విషాదం తప్పలేదు. అంతర్యుద్ధం వల్ల 2012లో ఇకార్డా సిబ్బంది తెల్ హద్యా విడిచి వెళ్ళారు. అదృష్టవశాత్తు వారు తమ విత్తనాల ప్రతులను ఉత్తర ధ్రువం చేరువలోని స్వాల్‌బార్డ్ భాండాగారంలో ముందే దాచారు. 2015లో వాటిని వెనక్కు తెప్పించి, లెబనాన్‌లోను, మొరాకోలోను నాటి మళ్ళీ పెంచారు. ఆ భాండాగారం నుంచి విత్తనం బయటకు తీయడం అదే మొదటిసారి.

మరికొంత విత్తనం రైతుల చేతులలోనే బతికింది. 2008లో చెక్కరెల్లి బృందం సుమారు 1600 బార్లీ సంకరాల విత్తనాన్ని ఒకటిగా కలిపి, సిరియాతోపాటు అల్జీరియా, జోర్డాను, ఎరిత్రియా, ఇరాన్ దేశాలకు పంపింది. ఈ మిశ్రమాన్ని చల్లి, పండిన దానిలోంచే మరుసటి ఏటికి విత్తనం తీస్తారు. ఆ నేలకు, ఆ ఎండకు తట్టుకున్న మొక్కలే ఏటేటా పెరుగుతాయి. కరువు ఏడు కొన్ని పోయినా కొన్ని నిలుస్తాయి. గోధుమలోనూ ఇదే చేశారు. ఇరాన్‌లోను, ఇటలీలోను రైతులు అటువంటి మిశ్రమ గోధుమతో రొట్టెలు కూడా కాలుస్తున్నారు.

మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. కంకులు కట్టిన ఆ దూలమూ లేదు. ఆ రోజుల్లో ఎవరైనా పాతికరకాల జొన్న మా చేలో చాళ్ళుగా వేసి, “అమ్మా, వీటిలో నీకు నచ్చినదేది?” అని అడిగివుంటే ఆమె దేన్ని ఎంచేదో నేను చెప్పలేను. అడిగివుంటే మాత్రం ఆ ఎడ్లు మా కొట్టంలోనే వుండేవని నా నమ్మకం.